పదిమంది కోసం ఎదురుచూపు: మట్టాంచేరి పరదేశి సినగాగ్ నేపథ్యం

కొచ్చి మట్టాంచేరిలోని యూదుల ప్రార్థనా మందిరం, పరదేశి సినగాగ్‌కు సందర్శకుల కొదవ లేదు. కరువైనది మిన్యాన్, అంటే సామూహిక ప్రార్థనకు తప్పనిసరిగా ఉండవలసిన పదిమంది వయోజన యూదు పురుషులు. 1948లో ఇజ్రాయెల్ ఏర్పడ్డాక సాగిన వలసే ఇందుకు కారణమని సాధారణంగా చెబుతారు. వలస ప్రధాన కారణమే గాని, కథ అంతకు చాలా ముందే మొదలైంది.

తెలుగు బైబిల్లో 'సమాజమందిరము'గా కనిపించే సినగాగ్‌ను ఇక్కడ 1568లో కట్టారు. కొచ్చి రాజు తన కోటను ఆనుకొని స్థలమిచ్చాడు. స్పెయిన్, పోర్చుగల్‌ల నుంచి వెళ్లగొట్టబడిన యూదుల సంతతి ప్రధానంగా ఉన్న సమాజం కావడంతో పరదేశి అన్న పేరు నిలిచింది. అప్పటికే మలయాళం మాట్లాడే మలబారీ యూదులు అక్కడ శతాబ్దాలుగా ఉన్నారు. క్రీ.శ. 1000 ప్రాంతంలో చేర రాజు భాస్కర రవివర్మ యూదు నాయకుడు జోసెఫ్ రబ్బాన్‌కు హక్కులిస్తూ వేయించిన రాగి శాసనాలు మాత్రం, విచిత్రంగా, తర్వాత వచ్చినవారి మందిరంలోనే భద్రంగా ఉన్నాయి. ఆ వారసత్వం తమదేనని ఇరువర్గాలూ వాదించుకున్నాయి.

1662లో పోర్చుగీసువారు ధ్వంసం చేసిన మందిరాన్ని డచ్చివారి రాకతో పునరుద్ధరించారు. డచ్చి కంపెనీతో వ్యాపారం చేసిన ఎజెకియేల్ రహబి 18వ శతాబ్దంలో గడియార స్తంభం కట్టించి, చైనాలోని కాంటన్ నుంచి తెలుపు మీద నీలిరంగు బొమ్మలున్న పింగాణీ పలకలు తెప్పించి నేలకు పరిపించాడు. చేతితో గీసినవి కావడంతో ఒకే నమూనా పలకల్లో సైతం కుంచె గీతలు పూర్తిగా కలవవు. వాటి మీద అడుగు పెట్టేముందు చెప్పులు విడవాలి.

ఇంత అందమైన మందిరంలో అందరికీ సమాన స్థానం ఉండేది కాదు. పరదేశులు మలబారీలతో వివాహ సంబంధాలు కలుపుకోలేదు. తమ వద్ద బానిసలుగా ఉండి విముక్తులైన యూదుల సంతతిని బల్లల మీద కూర్చోనివ్వక, ముందుగదిలో నేలకో మెట్లకో పరిమితం చేశారు. ఆ సంతతికి చెందిన న్యాయవాది ఎ.బి.సలేం (1882–1967) గాంధీజీ బాటలో అక్కడే సత్యాగ్రహం చేసి, కాలక్రమంలో ఆ కట్టుబాట్లు సడలేలా చేశాడు. అప్పటికే చిన్నదైన సమాజంలో తమలో తామే గీసుకున్న ఈ గీతలు పెళ్లి సంబంధాలను మరింత కుదించాయి.

1950ల్లో మలబారీలలో అత్యధికులు ఇజ్రాయెల్ వెళ్లిపోయారు. పరదేశులు ఆ తర్వాత ఒక్కొక్క కుటుంబంగా తరలారు. 1968లో నాలుగు వందల ఏళ్ల ఉత్సవానికి ప్రధాని ఇందిరాగాంధీ హాజరయ్యారు, తపాలా బిళ్ల వెలువడింది, అయినా ఖాళీ అవుతున్న ఇళ్లు మళ్లీ నిండలేదు. చివరికి యాత్రికుల్లో యూదులు దొరికితేనో, ఒకప్పుడు దూరం పెట్టిన మలబారీలు ఎర్ణాకుళం నుంచి వస్తేనో గాని పదిమంది లెక్క తేలని రోజులు వచ్చాయి.