గిబ్సన్ .372 మీద గొడవ: తేల్చాల్సింది 1969 నాటి ఒక గదిలో ఏం జరిగిందన్నది

2024 జూన్ 18, మంగళవారం, బేస్‌బాల్ దిగ్గజం విల్లీ మేస్ కన్నుమూశాడు. తొంభై మూడేళ్ళు. రెండు రోజులు తిరిగేసరికి, జూన్ 20న, అలబామా రాష్ట్రం బర్మింగ్‌హామ్‌లోని రిక్‌వుడ్ ఫీల్డ్‌లో జెయింట్స్‌కూ కార్డినల్స్‌కూ మేజర్ లీగ్ (అమెరికా అగ్రశ్రేణి బేస్‌బాల్) మ్యాచ్ జరిగింది. 1948లో పదిహేడేళ్ళ కుర్రాడిగా మేస్ బ్లాక్ బారన్స్ అనే నల్లజాతి లీగ్ జట్టు తరఫున ఆడింది ఆ మైదానంలోనే. దాంతో నెల కిందట మొదలై కాస్త చల్లబడిన గొడవ మళ్ళీ రాజుకుంది. మే 29న మేజర్ లీగ్ బేస్‌బాల్ పాత నల్లజాతి లీగుల లెక్కలన్నీ తన అధికారిక రికార్డుల్లో కలిపేసింది. 2,300 మందికి పైగా ఆటగాళ్ళ పేర్లు ఒక్కరోజులో రికార్డుల్లోకి వచ్చాయి. ఏళ్ళ తరబడి బ్యాటింగ్ యావరేజ్ పట్టికలో మొదటి వరసలో ఉన్న టై కాబ్ (.367) రెండో స్థానానికి జారాడు, ఆ చోటికి నల్లజాతి లీగుల్లో ఆడిన జోష్ గిబ్సన్ (.372) వచ్చాడు. ఆ లెక్క 'నిజమైన' లీగ్‌లోది కాదని కొందరి అభ్యంతరం.

నల్లవాళ్ళను మేజర్ లీగుల్లోకి రానివ్వని గోడను జాకీ రాబిన్సన్ 1947లో బద్దలుకొట్టిన కథ అందరికీ తెలిసిందే, అందుకని దాన్ని వదిలేస్తున్నాను. ఈ గొడవ అర్థం కావాలంటే చూడాల్సిన ఏడాది 1969 అని నా నమ్మకం.

ముందు ఒక్క మాట అంకెల గురించి. మన క్రికెట్‌లో యావరేజ్ అంటే ఒక్కసారి అవుటయ్యేలోపు ఎన్ని పరుగులు చేశాడన్నది. బేస్‌బాల్‌లో అలా కాదు, బ్యాట్ పట్టుకుని నిలబడ్డ అవకాశాల్లో ఎన్నిసార్లు హిట్ కొట్టాడన్నది చూస్తారు. .372 అంటే వెయ్యి అవకాశాల్లో 372 హిట్లు. బంతులు దూరంగా వేయడంతో బ్యాటర్‌కు ఉత్తినే బేస్ (పరుగెత్తి చేరాల్సిన మజిలీ) దొరికితే, దాన్ని వాక్ అంటారు, అది ఈ లెక్కలోకే రాదు. హిట్ చిన్నదైనా పెద్దదైనా యావరేజ్‌కు ఒకటే. ఎంత దూరం కొట్టాడో తెలియాలంటే స్లగ్గింగ్ చూడాలి, అందులో ఒక్క బేస్ హిట్‌కు ఒకటి, హోమ్ రన్‌కు (మన సిక్సర్ లాంటిది) నాలుగు. గిబ్సన్ విషయంలో ఈ తేడా చాలా ముఖ్యం, మళ్ళీ చెప్తాను.

ఇక 1969. అమెరికాలో మొట్టమొదటిసారి కంప్యూటర్ సాయంతో ఒక పెద్ద బేస్‌బాల్ విజ్ఞాన సర్వస్వం తయారవుతోంది. పందొమ్మిదో శతాబ్దం నుంచి ఆడిన ప్రతి ఆటగాడి లెక్కా అందులో ఉండాలి. అంటే ఏ లీగ్‌ను 'మేజర్' అనాలో, దేన్ని అనకూడదో ఎవరో ఒకరు తేల్చాలి. ఆ పని ఐదుగురు సభ్యుల ప్రత్యేక రికార్డుల కమిటీకి అప్పగించారు. ఐదుగురూ తెల్లవాళ్ళే. వాళ్ళు ఆరు లీగులకు మేజర్ హోదా ఇచ్చారు: నేషనల్ లీగ్, అమెరికన్ లీగ్, ఇంకా ఎప్పుడో మూతపడిన అమెరికన్ అసోసియేషన్, యూనియన్ అసోసియేషన్, ప్లేయర్స్ లీగ్, ఫెడరల్ లీగ్. నల్లజాతి లీగుల గురించి వాదించుకుని ఓటేసి తోసిపుచ్చారా అంటే అదీ లేదు. అసలు చర్చకే రాలేదు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. వద్దనుకుని పక్కన పెట్టినదాన్ని ఎందుకు వద్దన్నారని ఎప్పటికైనా అడగొచ్చు, గుర్తుకే రానిదాని గురించి అడగడానికి కూడా ఏం మిగలదు.

ఆ ఆరింటిలో యూనియన్ అసోసియేషన్ ఎలాంటిదో చూడండి. 1884లో ఒక్క సీజన్ నడిచింది. దాన్ని పెట్టిన హెన్రీ లూకస్ లీగ్‌కు అధ్యక్షుడూ, సెయింట్ లూయిస్ జట్టుకు యజమానీ తనే. మంచి ఆటగాళ్ళను తన జట్టులోకే తెచ్చుకున్నాడు, ఆ జట్టు 94 గెలిచి 19 మాత్రమే ఓడింది. మిగతా జట్లు సీజన్ మధ్యలో మూతపడ్డాయి, వాటి చోటికి కొత్తవి వచ్చాయి, వాటిలో సెయింట్ పాల్ జట్టు మొత్తం తొమ్మిది మ్యాచ్‌లే ఆడింది, సొంత ఊళ్ళో ఒక్కటి కూడా ఆడలేదు. ఆ లీగ్‌లో ఫ్రెడ్ డన్లప్ .412 కొట్టాడు. మరుసటి ఏడాది నేషనల్ లీగ్‌కు వెళ్ళాక అదే మనిషి .270. అయినా ఆ .412 మేజర్ లీగ్ లెక్కే, యాభై ఏళ్ళకు పైగా అలాగే ఉంది, దాని పక్కన సందేహపు చుక్క పెట్టమని ఉద్యమం చేసినవాళ్ళు లేరు.

ఇప్పుడు గిబ్సన్ లెక్క 'నిజమైన' లీగ్‌లోది కాదనేవాళ్ళు ముందు డన్లప్ లెక్కకు జవాబు చెప్పాలి.

వాళ్ళ వాదనలో బలమైన భాగం లేకపోలేదు, చెప్పకుండా దాటేయడం నాకిష్టం లేదు. కాబ్ 1905 నుంచి 1928 దాకా 24 సీజన్లు ఆడాడు, 11 వేలకు పైగా అవకాశాల్లో తెచ్చుకున్న యావరేజ్ అది. గిబ్సన్‌కు లెక్కలోకి వచ్చినవి రెండు వేల పైచిలుకే. కొలబద్దలు కూడా రెండున్నాయి: కెరీర్ పట్టికలో చోటు దక్కాలంటే నేషనల్, అమెరికన్ లీగుల వాళ్ళకు కనీసం 5,000 అవకాశాలు ఉండాలి, నల్లజాతి లీగుల వాళ్ళకు 1,800 చాలు. తక్కువ అవకాశాలుంటే అదృష్టం వాటా పెరుగుతుంది, అది లెక్కల శాస్త్రం చెప్పేదే. రెండు వేల పైచిలుకు అవకాశాల్లో .372 వచ్చిందంటే కేవలం అదృష్టం వల్లే ఓ పది పాయింట్లు (అంటే .010) అటో ఇటో మారి ఉండొచ్చు. కాబ్‌కూ గిబ్సన్‌కూ తేడా ఐదు పాయింట్లు. కాబట్టి 'గిబ్సన్ కాబ్ కంటే ఎక్కువసార్లు హిట్ కొట్టగలడు' అని ఈ అంకెతో ఎవరైనా తీర్పు చెప్తే నేను ఒప్పుకోను.

కానీ గిబ్సన్ అవకాశాలు ఎందుకు తక్కువ? నల్లజాతి లీగుల్లో అధికారిక మ్యాచ్‌లు సీజన్‌కు అరవై నుంచి ఎనభై దాకానే ఉండేవి. మిగతా రోజుల్లో బస్సెక్కి ఊరూరా తిరిగి, దొరికిన జట్టుతో దొరికిన మైదానంలో ఆడి పొట్టపోసుకునేవాళ్ళు, వాటిలో ఒక్కటీ ఈ లెక్కలో లేదు. పెద్ద లీగ్ తలుపు మూసిపెట్టి, లోపలికి రానివ్వని మనిషిని నువ్వు లోపల తక్కువ రోజులున్నావు అనడం ఏం న్యాయం? పైగా 2020లో కరోనా వల్ల మేజర్ లీగ్ సీజన్ అరవై మ్యాచ్‌లకు కుదించారు. ఆ ఏడాది డీజే లెమేహ్యూ .364తో అమెరికన్ లీగ్ బ్యాటింగ్ టైటిల్ గెలిచాడు, పూర్తి సీజన్ కింద లెక్కేశారు. లేటుగా అయినా ఆ ఏడాది డిసెంబర్ 16నే మేజర్ లీగ్ ఏడు నల్లజాతి లీగుల్ని, 1920 నుంచి 1948 వరకు, మేజర్ లీగులుగా గుర్తిస్తున్నామని ప్రకటించింది. అరవై మ్యాచ్‌ల సీజన్ ఒకటి తమకే ఎదురయ్యాక, చిన్న సీజన్ అన్న అభ్యంతరం నిలబడటం కష్టమైంది.

స్లగ్గింగ్ సంగతి మళ్ళీ చెప్తానన్నాను. గిబ్సన్ స్లగ్గింగ్ .718, అంతకుముందు మొదటి స్థానంలో ఉన్న బేబ్ రూత్‌ది .690. కాబ్‌ది .510 దాటి కాస్త. కాబ్ ఆడిన తొలి రోజుల్లో బంతి అంత దూరం వెళ్ళేది కాదు, ఆ మాట నిజమే, అయినా రెండు వందల పాయింట్ల తేడా అదృష్టంతో వచ్చేది కాదు. కాబ్ బంతిని ఖాళీలోకి తోసి పరుగెత్తే బ్యాటర్, గిబ్సన్ బంతిని కంచె దాటించే బ్యాటర్. అదీ వికెట్ కీపర్ లాంటి క్యాచర్ పనిలో రోజంతా మోకాళ్ళ మీద కూర్చుని లేచి చేసిన పని. అందుకే గిబ్సన్ ఎలాంటి బ్యాటరో తెలుసుకోవాలంటే యావరేజ్ పట్టిక కంటే ఈ స్లగ్గింగ్ పట్టికే చూడాలంటాను. పత్రికలన్నీ .372 మీదే పడ్డాయి, ఎందుకంటే కాబ్ పేరు అందరికీ తెలుసు, హెడ్డింగ్ బాగుంటుంది.

1943 సీజన్లో గిబ్సన్ యావరేజ్ .466, ఇప్పుడు అది ఒక సీజన్ రికార్డు, అంతకుముందు 1894లో హ్యూ డఫీ కొట్టిన .440 పేరిట ఉండేది. ఆ జనవరిలోనే గిబ్సన్ కోమాలోకి వెళ్ళి బయటపడ్డాడు, మెదడులో కణితి ఉందని డాక్టర్లు చెప్తే ఆపరేషన్ వద్దన్నాడు. 1947 జనవరి 20న, 35 ఏళ్ళకే చనిపోయాడు. రాబిన్సన్ మేజర్ లీగ్‌లో అడుగుపెట్టింది ఆ తర్వాత మూడు నెలలకి. 1972లో గిబ్సన్‌ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, సమాధి మీద మాత్రం 1975 దాకా పేరు చెక్కిన రాయి కూడా లేదు.

'రికార్డులు పవిత్రమైనవి, తర్వాత ఎవరూ వాటిని ముట్టుకోకూడదు' అనే మాట ఈ నెలలో చాలాసార్లు విన్నాను. కాబ్ అంకె చరిత్రే చూద్దాం. 1910లో బ్యాటింగ్ టైటిల్ గెలిచినవాడికి చామర్స్ కంపెనీ కారు బహుమతి. కాబ్ ముందున్నాడు, యావరేజ్ పడిపోకుండా చివరి మ్యాచ్‌లు ఆడకుండా కూర్చున్నాడు. క్లీవ్‌లాండ్ ఆటగాడు నాప్ లజ్వే వెనకున్నాడు. చివరి రోజు సెయింట్ లూయిస్ మేనేజర్ జాక్ ఓకానర్, కాబ్ అంటే పడక, థర్డ్ బేస్ దగ్గర ఫీల్డింగ్ చేసే తన కుర్రాడిని బాగా వెనక్కి వెళ్ళి నిలబడమన్నాడు. లజ్వే ఆ ఖాళీలోకి మెల్లగా బంతిని తోస్తూ పోయాడు, రెండు మ్యాచ్‌ల్లో ఎనిమిది హిట్లు. గోల గోలైంది, ఓకానర్ ఉద్యోగం పోయింది, లీగ్ అధ్యక్షుడు బ్యాన్ జాన్సన్ కాబ్‌నే విజేతగా ప్రకటించాడు, చామర్స్ వాళ్ళు ఇద్దరికీ కార్లు ఇచ్చి బయటపడ్డారు. డెబ్బై ఏళ్ళ తర్వాత, 1981లో, కాబ్ ఆడిన ఒక మ్యాచ్‌ను అప్పట్లో రెండుసార్లు లెక్కేశారని బయటపడింది. ఆ తప్పు దిద్దితే ఆ ఏడాది పైచేయి లజ్వేది, కాబ్ మొత్తం హిట్లు 4,191 కాదు 4,189. అప్పటి కమిషనర్ బోవీ క్యూన్ దిద్దడానికి ఒప్పుకోలేదు. అందుకే నేటికీ కొన్నిచోట్ల కాబ్ యావరేజ్ .367 అనీ, కొన్నిచోట్ల .366 అనీ కనిపిస్తుంది. శిలాశాసనం అనుకుంటున్న అంకె పరిస్థితి ఇదీ.

మన క్రికెట్‌లోనూ ఇలాంటిదే ఒకటి ఉంది, మనం ఎప్పుడూ ప్రశ్నించలేదు. దక్షిణాఫ్రికా బ్యాటర్ గ్రేమ్ పొలాక్ టెస్ట్ యావరేజ్ 60.97. గొప్ప ఆటగాడు, సందేహం లేదు. ఆడింది 23 టెస్టులు, అన్నీ ఇంగ్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మీదే. అప్పటి దక్షిణాఫ్రికా తెల్లవాళ్ళతోనే జట్టు కట్టేది, వెస్టిండీస్‌తోనూ ఇండియాతోనూ పాకిస్తాన్‌తోనూ ఒక్క టెస్టూ ఆడలేదు. బేసిల్ డి'ఒలివేరా లాంటి వాడు సొంత దేశంలో చోటు లేక ఇంగ్లాండ్ వెళ్ళి ఆడాల్సి వచ్చింది. ఆ టెస్టులన్నీ రికార్డుల్లో టెస్టులుగానే ఉన్నాయి, 60.97 బ్రాడ్‌మన్ కింది వరసల్లో దర్జాగా ఉంది. గిబ్సన్ నల్లవాళ్ళ మీదే ఆడాడు కాబట్టి లెక్కలోకి రాడంటే, నల్లవాళ్ళను ఎదుర్కోకుండా ఆడిన కాబ్, రూత్ లెక్కలకూ అదే మాట వర్తించాలి కదా.

ఈ లెక్కలు ఊహించి రాసినవి అనే ఆరోపణ మీద కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే అది ఎంతోమంది జీవితకాలపు శ్రమను తక్కువ చేస్తోంది. తెల్లవాళ్ళ పత్రికలు ఆ మ్యాచ్‌లను పెద్దగా పట్టించుకోలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్, షికాగో డిఫెండర్ లాంటి నల్లవాళ్ళ వారపత్రికల పాత సంచికలు ఒక్కొక్కటీ తిరగేసి, ఒక్కో మ్యాచ్ స్కోరు పట్టిక పోగుచేశారు పరిశోధకులు. దశాబ్దాల పని. 2024 నాటికి దాదాపు నాలుగింట మూడు వంతుల మ్యాచ్‌లు దొరికాయి. వాళ్ళు ఎంత కచ్చితంగా ఉన్నారంటే, హాల్ ఆఫ్ ఫేమ్‌లో గిబ్సన్ ఫలకం మీద 'దాదాపు 800 హోమ్ రన్లు' అని రాసి ఉంటే, లీగ్ మ్యాచ్‌ల స్కోరు పట్టికల్లో రుజువైనవే లెక్కేసి అధికారిక అంకెను రెండు వందల లోపే ఆపేశారు. పొగడాలని కూర్చున్నవాళ్ళు అలా చేయరు.

అటువైపు నుంచి, ఆ లీగుల్లో ఆడినవాళ్ళ కుటుంబాల నుంచీ అభిమానుల నుంచీ వచ్చే ఇంకో మాట నాకు బాగా నచ్చింది: మేం ఎప్పుడూ మేజరే, మీరు వచ్చి ముద్ర వేయడమేంటి అని. ఆ కోపం సబబే. అయినా పట్టికలో పేరు లేకపోతే రేపటి పిల్లవాడికి ఆ మనిషి ఉన్నాడనే తెలియదు, అందుకని ఆ ముద్ర పడటమే మంచిదని నేననుకుంటాను.

మిగిలిన పావు వంతు మ్యాచ్‌ల పట్టికలు దొరికిన కొద్దీ .372 పెరగొచ్చు, తగ్గొచ్చు, కాబ్ మళ్ళీ మొదటికి రావొచ్చు కూడా. మేస్‌కు ఈ లెక్కల వల్ల 1948 నాటి పది హిట్లు కలిశాయి, 3,283 కాస్తా 3,293 అయింది. ఆ ఏడాది బ్లాక్ బారన్స్ తరఫున అతను ఒక హోమ్ రన్ కూడా కొట్టాడని పత్రిక వార్తలో ఉంది. ఆ మ్యాచ్ పూర్తి స్కోరు పట్టిక ఇంకా దొరకలేదు కాబట్టి ఈ కొత్త లెక్కలు చూసే కమిటీ దాన్ని తీసుకోలేదు. అతని పేరు పక్కన హోమ్ రన్ల లెక్క 660 అలాగే ఉంది.