డేటా వస్తోందంటే స్టేషన్ బాగున్నట్టేనా? అంటార్కిటికా ఏడబ్ల్యూఎస్‌ల మీద అపోహలు - వాస్తవాలు

"అన్నా, ఈ ఏడబ్ల్యూఎస్, అంటే మనిషి లేకుండా వాతావరణం కొలిచే స్టేషన్, ఆటోమేటిక్ కదా, డేటా శాటిలైట్‌లో వచ్చేస్తోంది కదా, మరి ఏటా మనుషులు వెళ్ళి చేసేదేంటి?" మొన్న మళ్ళీ ఒక కుర్రాడు అడిగాడు. ఖర్చు తగ్గించాలని చూసే పెద్దమనుషులూ సరిగ్గా ఇదే అంటారు కాబట్టి కాస్త గట్టిగానే చెప్తాను.

అపోహ: డేటా వస్తోందంటే స్టేషన్ బాగున్నట్టే.

వాస్తవం: లాగర్ (రీడింగులు రాసుకునే పెట్టె), ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ బతికున్నాయి, అంతే. పైనున్న సెన్సార్ల సంగతి అది చెప్పదు. గాలి వేగం కొలిచే అనిమోమీటర్‌కి మంచు పట్టి ప్రొపెల్లర్ బిగుసుకుపోతే లాగర్ "గాలి సున్నా" అని గంట గంటకీ బుద్ధిగా పంపుతూనే ఉంటుంది. అక్కడి మన స్థావరం మైత్రి దగ్గర ఆగ్నేయం నుంచి దిగే గాలి రుచి చూసినవాళ్ళు రోజుల తరబడి సున్నా అంటే నమ్మరు, కానీ ఎక్కడో కూర్చుని సగటు తీసేవాళ్ళకి అదీ ఒక అంకే. ఒకసారి ఐస్ షెల్ఫ్ (సముద్రం మీద తేలే మంచు పలక) మీది స్టేషన్‌కి వెళ్తే, రికార్డుల్లో రెండు మీటర్ల ఎత్తున ఉన్న థర్మామీటర్ నా మోకాలి దగ్గర కనబడింది! మాస్ట్ (సెన్సార్లు బిగించే స్తంభం) కుంగలేదు, మంచే పైకొచ్చింది. గాలి లేని చలికాలపు రాత్రి మంచును ఆనుకుని ఉన్న గాలి పైగాలి కంటే చాలా చల్లగా ఉంటుంది, అంటే ఎత్తు మారితే ఉష్ణోగ్రతా మారినట్టే, డేటాలో మాత్రం ఒక్క ఖాళీ కూడా ఉండదు. మన మొదటి స్థావరం దక్షిణ గంగోత్రినే మంచు కప్పేస్తే 1990లో వదిలేయాల్సి వచ్చింది, ఇక ఒక గొట్టం ఎంత? తవ్వడం, మాస్ట్ పెంచడం, దాన్ని నిలబెట్టే గై వైర్లు బిగించడం... ఈ సర్వీసింగ్‌లో స్క్రూడ్రైవర్ కంటే పారకే పని ఎక్కువ.

అపోహ: మెషీన్ కొలిచింది కాబట్టి కరెక్టే.

2020 ఫిబ్రవరిలో "అంటార్కిటికాలో 20 డిగ్రీలు" అని ఫోన్లన్నీ మోగిపోయాయి. సీమోర్ దీవిలో 20.75 నమోదైన మాట నిజమే. కానీ అక్కడి రేడియేషన్ షీల్డ్ (థర్మామీటర్‌కి ఎండ తగలకుండా పెట్టే కవచం) సరైనది కాదని ప్రపంచ వాతావరణ సంస్థ 2021లో దాన్ని కొట్టేసింది. అలాగని "చూశారా, వేడెక్కడమంతా అబద్ధం" అని ఎగిరేవాళ్ళూ ఆగండి, అదే నెలలో అంటార్కిటికాలోనే ఎస్పెరాంజా స్థావరంలో నమోదైన 18.3ని అదే సంస్థ ఖాయం చేసింది. షీల్డ్ గురించి ఇంత పట్టింపు ఎందుకంటే, పైనుంచి ఎండ, కింద మంచు నుంచి మళ్ళీ ఎండ, గాలి ఆడకపోతే ఫ్యాన్ లేని షీల్డ్ లోపల తప్పు 10 డిగ్రీల దాకా పోతుంది.

అపోహ: సిగ్నల్ ఆగిందంటే స్టేషన్ పోయినట్టే.

కొత్తవాళ్ళు జూన్‌లో దీనికే టెన్షన్ పడి నిద్ర మానేస్తారు. మైత్రి దగ్గర మే చివరి నుంచి జూలై చివరి దాకా సూర్యుడే రాడు, సోలార్ ప్యానెల్ ఏం చేస్తుంది పాపం. ఎండ తిరిగొచ్చాక చాలా స్టేషన్లు వాటంతట అవే లేస్తాయి. అసలు భయపడాల్సింది బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయితేనే: నిండా ఛార్జి ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ మైనస్ 50కి కూడా గడ్డకట్టదు, ఖాళీదైతే మైనస్ 10 దగ్గరే గడ్డకట్టి పగులుతుంది.

గాలి దిక్కు చూపే విండ్‌వేన్‌ని దిక్సూచి చూసి బిగించొచ్చా? వద్దు. మన ఇంకో స్థావరం భారతి దగ్గర దిక్సూచి చూపే ఉత్తరం అసలు ఉత్తరానికి 70 డిగ్రీలకు పైగా పక్కన ఉంటుంది. జీపీఎస్ వాడండి.

"మా వాణ్ణి అంత మంచులోకి ఒక్కణ్ణే పంపుతారటగా" అని అడిగే అమ్మలకి: పంపరమ్మా. జట్టుగానే వెళ్తారు, రేడియో ఉంటుంది, ఫోర్‌కాస్ట్ బాగోలేకపోతే బేస్ దాటనివ్వరు.