జాజ్ రికార్డులు: బెజవాడలో రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

పాత రికార్డులు కొనడం, కడగడం, అమ్మడం, మూలన పడ్డ ప్లేయర్లకి బెల్టూ ముల్లూ మార్చి మళ్లీ తిప్పించడం నా పని. సత్యనారాయణపురంలో మా ఇంటి ముందు గదే షాపు. వచ్చేవాళ్లలో ఎక్కువమందికి ఘంటసాల కావాలి, హరికథలు కావాలి, నాటక పద్యాలు కావాలి. జాజ్ అడిగేవాళ్లు తక్కువే, కానీ వాళ్లు మోసుకొచ్చే అపోహలు మాత్రం దండిగా ఉంటాయి. ముందు డబ్బు పోగొట్టేవి చెప్తాను, తర్వాత చెవులకి సంబంధించినవి.

అపోహ: అమెరికా ప్లేయర్‌కి ట్రాన్స్‌ఫార్మర్ తగిలిస్తే చాలు

విజయవాడ, గుంటూరుల్లో ఏ వీధి చూసినా నలుగురి పిల్లలు అమెరికాలో ఉంటారు. అక్కడ చవగ్గా దొరికిన పాత టర్న్‌టేబుల్‌ని బట్టల మధ్య చుట్టి తెస్తారు, ఇక్కడ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొంటారు, ప్లేటు తిరుగుతుంది, ఇంటిల్లిపాదీ సంతోషం. కానీ తేడా ఒక్క వోల్టేజీలోనే లేదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మనది 50. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టులు తగ్గిస్తుంది తప్ప హెర్ట్జ్ జోలికి పోదు. పాత ప్లేయర్లలో చాలావాటికి ఉండే ఏసీ సింక్రనస్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టే తిరుగుతుంది కాబట్టి, నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన ప్లేటు ఇక్కడ 28 కూడా తిరగదు. పాట మూడు స్వరస్థానాలకు పైగా కిందికి దిగిపోతుంది. ఒకాయన చాలాకాలం అలాగే విని, "సాక్సోఫోన్ అంటే ఇంత బొంగురుగానే ఉంటుందేమో అనుకున్నానండీ" అన్నారు. సరైన స్పీడులో వినిపిస్తే కాసేపు నమ్మలేదు.

కొన్ని మోడళ్లకి 50 హెర్ట్జ్ పుల్లీ విడిగా దొరుకుతుంది, అది మారిస్తే సరిపోతుంది. డీసీ మోటారు ఉండి, అడాప్టర్ మీద 100-240 వోల్టులు, 50/60 హెర్ట్జ్ అని రాసి ఉంటే అసలు సమస్యే లేదు. తెప్పించుకునే ముందు ప్లేయర్ వెనక వోల్టులు, హెర్ట్జ్ రాసి ఉన్న రేకు ఫోటో ఒకటి పంపమనండి చాలు.

అపోహ: పాతదైతే లక్షలు, మొదటి ప్రెస్సింగ్ (తొలి అచ్చు) అయితే కోట్లు

తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిన 78 ప్లేటు (నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రకం) తెచ్చి "ఇది ఎంతొస్తుందండీ" అని అడిగేవాళ్లకి నిజం చెప్పడం కొంచెం కష్టమైన పనే. మన వైపు బయటపడే జాజ్‌లో ఎక్కువ భాగం కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అచ్చయిన ప్లేట్లు, డాన్స్ బ్యాండ్లవి. వినడానికి బాగుంటాయి. ఇల్లు కొనిపెట్టవు.

నిజంగా ధర పలికేవి వేరే. ఉదాహరణకి బ్లూ నోట్ కంపెనీ 1950లు, 60ల్లో తీసిన ఎల్పీలు (నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పెద్ద ప్లేట్లు). లేబుల్ మీద అచ్చయిన న్యూయార్క్ అడ్రసు ఏ వీధిది, లేబుల్ పక్కన పాట లేని నున్నటి భాగంలో చెవి ఆకారంలో కనిపించే పి అక్షరం ఉందా (అది 1966 దాకా వాళ్లకి ప్లేట్లు అచ్చేసిన ప్లాస్టీలైట్ ఫ్యాక్టరీ గుర్తు), రికార్డింగ్ ఇంజనీరు వాన్ గెల్డర్ పేరు గానీ పొడి అక్షరాలు గానీ చెక్కి ఉన్నాయా, ఇవన్నీ చూస్తారు. రూడీ వాన్ గెల్డర్ కళ్ల డాక్టరు లాంటి పనిచేసేవాడు, అంటే ఆప్టోమెట్రిస్టు, పగలు అద్దాలకి చూపు పరీక్షలు, మిగతా టైములో న్యూజెర్సీలో అమ్మానాన్నల ఇంటి ముందు గదిలో రికార్డింగులు. 1959లో సొంత స్టూడియో కట్టుకునేదాకా ఎన్నో గొప్ప రికార్డులు ఆ గదిలోనే తయారయ్యాయి.

సరే, మొదటి ప్రెస్సింగే ఉత్తమం అనేవాళ్లకి నేను చూపించేది ట్రంపెట్ విద్వాంసుడు మైల్స్ డేవిస్ ఎల్పీ 'కైండ్ ఆఫ్ బ్లూ'. 1959 మార్చి 2న మొదటి మూడు పాటలు రికార్డు చేసినప్పుడు ఒక టేపు మిషను కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపుని మామూలు స్పీడులో ఆడించేసరికి శృతి కొంచెం పైకి పోయింది. ఎల్పీ మొదటి వైపు మొత్తం ఆ మూడు పాటలే. పక్కనే ఇంకో మిషను సరిగ్గా తిరిగింది కాబట్టి దాని టేపు బయటికి తీసి 1992లో సరిచేశారు. అంటే, జనం ప్రాణం పెట్టి కొనే మొదటి ప్రెస్సింగ్‌లో శృతి తప్పు, కొత్త రీఇష్యూలో ఒప్పు. ధర దేనికి ఎక్కువ? తప్పుదానికే. పురాతన వస్తువుగా కొంటున్నారా, వినడానికి కొంటున్నారా అనేది ముందే తేల్చుకోండి, రెండో రకం వాళ్లకి ఈ హాబీలో చాలా డబ్బు మిగులుతుంది.

అపోహ: ప్లేటు ఏదైనా ప్లేటే, ఒకే ముల్లు, ఒకే కడుగుడు

కాదు. 78లు లక్కతో చేసినవి. ఏటికొప్పాక బొమ్మలకి రంగుతో కలిపి పట్టించే ఆ లక్కే. దాన్ని శుద్ధి చేసి, రాతిపొడి కలిపి, వేడి మీద అచ్చు వేసేవారు. ప్రపంచానికి లక్క ఎక్కువగా వెళ్లింది మన దేశం నుంచే. ఎల్పీలు 1948లో కొలంబియా కంపెనీ మొదలుపెట్టిన వినైల్ ప్లేట్లు. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది కాబట్టి 78ని స్పిరిట్‌తోగానీ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన క్లీనర్‌తోగానీ తుడిచారో, పాట గుడ్డకి అంటుకుని వచ్చేస్తుంది. దానికి మంచినీళ్లు, రెండు చుక్కల మెత్తటి సబ్బు, లేబుల్ తడవకుండా, వెంటనే ఆరబెట్టడం. అంతే.

ముల్లు కూడా వేరే. 78 గాడి వెడల్పుగా ఉంటుంది, దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. ఎల్పీ ముల్లు అందులో మూడో వంతు కూడా ఉండదు, 78 గాడిలో అడుగున పడి దుమ్మునీ గరగరనీ తవ్వి వినిపిస్తుంది. తిరగేస్తే ఇంకా ఘోరం. తాళం తిప్పే పాత గ్రామఫోన్ మీద సరదాకి ఎల్పీ పెడితే ఆ బరువుకీ స్టీలు ముల్లుకీ ఒక్కసారికే ప్లేటు ఖతం.

ఈ లక్క వల్లే ఒక చరిత్ర కూడా జరిగింది. యుద్ధం వచ్చి మన వైపు నుంచి ఓడలు కష్టమయ్యేసరికి 1942లో అమెరికా ప్రభుత్వం రికార్డులకి వాడే లక్క మీద కోత పెట్టింది. అదే ఏడాది ఆగస్టు నుంచి వాద్యకారుల సంఘం రికార్డింగుల బహిష్కారం మొదలుపెట్టింది, పెద్ద కంపెనీలతో అది 1944 చివరిదాకా సాగింది. సరిగ్గా ఆ రోజుల్లోనే చార్లీ పార్కర్, డిజ్జీ గిలెస్పీ వాళ్లు న్యూయార్క్ క్లబ్బుల్లో బీబాప్ అనే కొత్త రకం జాజ్‌ని రూపు దిద్దుతున్నారు. అందుకే పార్కర్ 1943 నాటి కంపెనీ రికార్డు ఉందా అని అడిగితే నవ్వొస్తుంది. దాస్తున్నది ఎవరూ లేరు, అసలు తీయలేదు.

అపోహ: జాజ్ అంటే ఎవరికి తోచింది వాళ్లు వాయించడం

కర్ణాటక సంగీతం తెలిసినవాళ్లు కూడా ఈ మాట అంటే నాకు ఆశ్చర్యం. కల్పనస్వరం వేసే ఆయన తోచింది పాడతాడు, కానీ తాళం తప్పితే ముందు వరుసలో కూర్చున్న పెద్దాయన చెయ్యి ఆగిపోతుంది కదా. ఇక్కడా అంతే, చుట్టు ఒకటి ఉంటుంది. ఎక్కువగా 32 బార్లు, లేదా బ్లూస్ అయితే 12. ఒక్కో బారు నాలుగు దెబ్బలు అనుకోండి. ముందు అందరూ కలిసి పాట వాయిస్తారు, తర్వాత అదే చుట్టు మీద ఒక్కొక్కరూ మనోధర్మం చూపిస్తారు, చివర్లో మళ్లీ పాట.

'కైండ్ ఆఫ్ బ్లూ' మొదటి పాట 'సో వాట్' పెట్టి చూడండి. మొదట చిన్న ఎత్తుగడ, అది అయ్యాక పాట పలికేది బేస్ (మంద్రంగా మోగే పెద్ద తంతి వాద్యం), మిగతా వాద్యాలు రెండు ముక్కల్లో జవాబు చెప్తాయి. 16 బార్లు మన ఖరహరప్రియ స్వరాలే, గమకాలు ఉండవు, అది వేరే సంగతి. తర్వాత 8 బార్లు మొత్తం ఒక స్వరస్థానం పైకి జరుగుతుంది, మళ్లీ 8 బార్లు పాత చోటికి. 32 అయ్యాయి, చుట్టు పూర్తి. ట్రంపెట్, టెనర్ సాక్సోఫోన్, ఆల్టో సాక్సోఫోన్, పియానో వరసగా వస్తాయి, చుట్టు మాత్రం మారదు. చేత్తో తాళం వేస్తూ ఆ "పైకి జరగడం" ఎక్కడ వస్తుందో పట్టుకుంటే చాలు, ఆ రోజు నుంచి జాజ్ మీకు గోల అనిపించదు. పట్టుకోలేకపోతే బేస్ ఒక్కదాన్నే వినండి, మళ్లీ మొదటి నుంచి.

ఐదు దెబ్బల తాళం ఇష్టమైతే డేవ్ బ్రూబెక్ క్వార్టెట్ 'టేక్ ఫైవ్' ఉండనే ఉంది. ఖండచాపుకి అలవాటుపడ్డ చెవికి మొదట చిన్న తికమక, ఎందుకంటే మనది రెండు, మూడు. వాళ్లది మూడు, రెండు. రాసింది బ్రూబెక్ కాదు, సాక్సోఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. ఈ పాట రికార్డు కావడానికి ముందు ఏడాది, 1958లో, ఈ బృందం మన దేశంలో తిరిగి కచేరీలు చేసి వెళ్లింది.

అపోహ: లైవ్ రికార్డు అంటే ఆ రాత్రి జరిగింది జరిగినట్టే

బ్యాండ్ లీడర్ డ్యూక్ ఎలింగ్టన్ 1956 న్యూపోర్ట్ ఫెస్టివల్ ఎల్పీ జాజ్‌లో అన్నిటికంటే పేరున్న లైవ్ రికార్డుల్లో ఒకటి. పాల్ గొన్సాల్వెజ్ టెనర్ సాక్సోఫోన్ మీద ఆగకుండా 27 చుట్లు వాయిస్తే జనం కుర్చీలు ఎక్కి ఊగిపోయారు. ఆ సోలో నిజమే. కానీ ఆయన వాయించింది కొలంబియా మైకులో కాదు, పక్కనే ఉన్న వాయిస్ ఆఫ్ అమెరికా రేడియో మైకులో. మిగతా పాటల్లో చాలా భాగాన్ని తర్వాత స్టూడియోలో మళ్లీ వాయించి, చప్పట్లు కలిపి ఎల్పీ వేశారు. రేడియో వాళ్ల టేపు దొరికాక 1999లో రెండూ జోడించి అసలు కచేరీని విడుదల చేశారు. రెండూ విన్నాను, నాకు పాత మోసమే కొంచెం ఎక్కువ ఇష్టం.

అపోహ: వినైల్ ఎప్పుడూ సీడీ కంటే గొప్ప, 180 గ్రాముల బరువైన ప్లేటైతే ఇంకా గొప్ప

రికార్డులు అమ్ముకునేవాడిగా ఔనని చెప్పాలి, కానీ కాదు. మాస్టరింగ్ (అచ్చుకి ముందు సౌండ్‌ని సిద్ధం చేసే పని) ఎవరు చేశారు, ఏ టేపు నుంచి చేశారు అన్నదే సౌండ్‌ని నిర్ణయిస్తుంది. బరువు వల్ల గాడిలో పాట మారదు. ముల్లు లేబుల్‌కి దగ్గరయ్యేకొద్దీ ఎల్పీలో సౌండ్ కాస్త చెదురుతుంది, సీడీలో ఆ బాధ లేదు. మోనో (రెండు స్పీకర్లలోనూ ఒకే సౌండ్) అంటే నాసిరకం అనేది కూడా ఇలాంటిదే. 1957కి ముందు అచ్చయిన జాజ్ ఎల్పీలన్నీ దాదాపు మోనోయే, తర్వాత వాటిని బలవంతంగా రెండు స్పీకర్లకి విడదీసిన నకిలీ స్టీరియోలు వచ్చాయి. అవి కనిపిస్తే అక్కడే పెట్టి వచ్చేయండి.

అపోహ: మనకి సంబంధం లేని సంగీతం

చికాగోలో పేరు తెచ్చుకున్న పియానిస్టు టెడ్డీ వెదర్‌ఫోర్డ్ బొంబాయి తాజ్ హోటల్లో, తర్వాత కలకత్తా గ్రాండ్ హోటల్లో బ్యాండు నడిపి, 1945లో కలకత్తాలోనే కలరాతో చనిపోయాడు. గోవా నుంచి వచ్చిన ట్రంపెట్ విద్వాంసుడు చిక్ చాకొలెట్ సంగీత దర్శకుడు సి. రామచంద్ర దగ్గర పనిచేశాడు. మనవాళ్లు "క్లబ్ పాట" అని పక్కన పెట్టిన బాణీల్లో ఇలాంటి బ్యాండ్ల చెయ్యి ఎంత ఉందో ఒకసారి ట్రంపెట్ మీద చెవి పెట్టి వింటే తెలుస్తుంది.

అపోహ: నీళ్లలో మునిగితే పారేయడమే

2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగాక సింగ్‌నగర్ వైపు నుంచి గోనెసంచుల్లో రికార్డులు వచ్చాయి. బురద పట్టిన వినైల్‌ని పారేయకండి. కవరులోంచి జాగ్రత్తగా తీసి, బురద ఎండకముందే ధారగా నీళ్లు పోసి కడిగి, నీడలో నిలువుగా ఆరబెట్టాలి. రుద్దకూడదు, బురదలోని ఇసుక గాడిని గీసేస్తుంది. చివరగా డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి. ఎక్కువ భాగం బతికాయి. లక్క ప్లేట్లు అంత మొండివి కావు, ఎక్కువసేపు తడిలో ఉన్నవి పాలిపోయి పెచ్చులూడాయి.

మామూలు రోజుల్లో మన ఎండే పెద్ద శత్రువు. మేలో బెంజ్ సర్కిల్ దగ్గర కారు ఆపి, వెనక సీట్లో ఎల్పీలు వదిలేసి, టిఫిన్ చేసి వచ్చేలోపు అవి వంకర్లు పోతాయి. బీరువాలో ఒకదాని మీద ఒకటి పేర్చకండి, నిలబెట్టండి. వానాకాలంలో ప్లాస్టిక్ కవర్లు బిగించి కట్టేస్తే లోపల బూజు పడుతుంది, గాలి ఆడనివ్వండి.

మునిగిన అట్ట కవర్ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. కానీ పారేసే ముందు వెనక వైపు ఫోటో తీయండి. ఎవరు ఏ వాద్యం వాయించారు, ఏ తేదీన రికార్డయింది అన్నది చాలా ఎల్పీలకి అక్కడే ఉంటుంది, ప్లేటు లేబుల్ మీద ఉండదు. ఆ వివరాలు పెన్సిల్‌తో కొత్త తెల్ల కవరు మీద రాసుకోండి. బాల్‌పెన్ను వద్దు, లోపల ప్లేటు ఉండగా అసలే రాయొద్దు, అచ్చు పడుతుంది.