నూనెకీ నీళ్లకీ చుట్టరికం

చిరంజీవులు హాసినికి, బన్నీకి తాతయ్య దీవించి రాసేది. ఇక్కడ నేనూ నాయనమ్మా క్షేమం. అక్కడ మీరూ, అమ్మానాన్నా కులాసా అని తలుస్తాను.

హాసినీ, మొన్న ఫోన్లో నువ్వడిగిన ప్రశ్న నాకు భలే నచ్చింది. మీ అపార్ట్‌మెంట్ పక్కన కొత్తగా స్పా తెరిచారనీ, బోర్డు మీద రేట్లు చూసి అమ్మ నోరు వెళ్లబెట్టిందనీ, ఈ దీపావళికి అమ్మకి ఇంట్లోనే స్పా చేసిపెడతామనీ అన్నావు. బాగుంది. ఆ తర్వాత అసలు మాట అడిగావు. "నూనె గిన్నె ఉత్త నీళ్లతో కడిగితే జిడ్డు పోదు కదా తాతయ్యా, మరి చెట్టుకి కాసిన కుంకుడుకాయతో తలమీద నూనె ఎలా పోతుంది?" అని. ఫోన్లో చెప్పబోతే బన్నీ టీవీ పెట్టేశాడు. అందుకే ఈ ఉత్తరం.

సైన్సు పుస్తకం తీయక్కర్లేదు. ఒక ఊళ్లో మాటలు లేని రెండిళ్లు ఉన్నాయనుకోండి. ఒకటి నూనెవాళ్లది, ఇంకోటి నీళ్లవాళ్లది. ఎదురుపడితే మొహాలు తిప్పుకుంటారు. ఇద్దర్నీ ఒకే గ్లాసులో పోసి ఎంత గిలక్కొట్టినా కాసేపు కలిసినట్టు కనబడి, మళ్లీ నూనెవాళ్లు పైకీ నీళ్లవాళ్లు కిందికీ సర్దుకుంటారు. ఆ రెండిళ్లకీ ఉమ్మడిగా ఒక మేనత్త ఉంది. పుట్టింది నూనెవాళ్లింట్లో, మెట్టింది నీళ్లవాళ్లింట్లో. ఆవిడకి ఇక్కడా చనువే, అక్కడా చనువే. కుంకుడుకాయ పెచ్చులో ఉండేది ఆ అత్తయ్యే. పేరు సపోనిన్. దానికి ఒక కొస నూనె అంటే ఇష్టపడుతుంది. రెండో కొస చక్కెర జాతిది, నీళ్లు కనబడితే చాలు కరుగుతానంటుంది.

ఇప్పుడు ఆవిడ చేసే పని చూడండి. మీ తలమీద ఒక నూనె చుక్క ఉంది. కుంకుడు రసం పోయగానే అత్తయ్యలు లెక్కలేనంతమంది వచ్చి ఆ చుక్క చుట్టూ మూగుతారు. మొహాలన్నీ పుట్టింటివైపు, వీపులన్నీ అత్తింటివైపు. బయటినుంచి చూసే నీళ్లవాళ్లకి మధ్యలో ఉన్న నూనె కనబడదు, తమ కోడళ్ల వీపులే కనబడతాయి. మనవాళ్లే కదా అని దారి ఇస్తారు. ఒక చెంబుడు నీళ్లు పోశారా, అత్తయ్యలూ వాళ్ల మధ్యలో నూనే దుమ్మూ అంతా కలిసి ఊరేగింపుగా తూములోకి పోతారు. నురగ కూడా వీళ్ల చలవే. నీళ్ల పొరలో చక్కెర కొస పెట్టుకుని, నూనె కొస గాలివైపు తిప్పుకుని బారులు తీరి నిలబడితే ఆ పొర తొందరగా చిట్లకుండా బుడగై నిలుస్తుంది. మీ షాంపూలోనూ ఇలాంటి అత్తయ్యలే ఉన్నారు. కాకపోతే వాళ్లు ఫ్యాక్టరీలో పుట్టారు.

అత్తయ్యలు మరీ ఎక్కువైతే ఏమవుతుంది? పుట్టింటినుంచి ఊరగాయ జాడీల దగ్గర్నుంచీ సర్దుకుపోతారు. (మీ అత్తయ్యకి ఈ ఉత్తరం చూపించకండి.) తలమీద ఉండాల్సిన కాస్త నూనె కూడా పోయి జుట్టు పీచులాగా తయారవుతుంది. అందుకే మన పెద్దవాళ్లు ఒట్టి తలకి కుంకుడు రసం పోసేవాళ్లు కాదు. ముందు నూనె, తర్వాతే రసం. దాంట్లో నాలుగు మందారాకులు పిసికేవాళ్లు, లేకపోతే నానబెట్టిన మెంతులు రుబ్బి కలిపేవాళ్లు. వాటి జిగురు జుట్టుకి పట్టి చిక్కు పడకుండా చూస్తుంది.

ఇంకో సంగతి. ఆ చెట్టు మన తలలు రుద్దడానికి ఈ సపోనిన్ తయారు చేసుకోలేదు. పురుగూ బూజూ తన జోలికి రాకుండా ఉండడానికి చేసుకుంది. నా చిన్నప్పుడు చెరువు మడుగుల్లో కుంకుడుకాయలు దంచి కలిపి చేపలు పట్టేవాళ్లు ఉండేవాళ్లు. ఆ రసం మొప్పలకి తగిలితే చేపలు ఊపిరాడక తేలిపోతాయి. బన్నీ, ఇది నీకే చెప్తున్నాను. మీ అక్వేరియంలో నురగ చూద్దామని ఒక్క చుక్క కూడా పోయకు. నోట్లోకీ పోనివ్వకండి. కంట్లో పడితే మండుతుంది, ఎందుకంటే కంటి పైపొర చాలా సున్నితం, అత్తయ్యలు అక్కడికీ చొరవగా దూరిపోతారు. నలపకుండా చల్లటి నీళ్లు చాలాసేపు కొట్టుకోవాలి.

కళ్లమంట అంటే గుర్తొచ్చింది. నరక చతుర్దశినాడు తెల్లవారకముందే మా నాయనమ్మ మమ్మల్ని లేపేది. తెలవారితే తలంటు పోసుకున్నా లెక్కలోకి రాదనేది. ఆ రోజు నూనెలో లక్ష్మీ, నీళ్లలో గంగా ఉంటారని పెద్దల మాట. పెరట్లో రాగి కాగు కింద రాత్రే కట్టెలు పేర్చి ఉండేవి. నీళ్లు కాగుతుంటే పొగవాసన, ఆ నీళ్లకి కూడా అదే వాసన. పీట మీద కూర్చోబెట్టి మాడు మీద మూడు బొట్లు నూనె అద్ది, ఆ తర్వాత గుప్పెట్లో పోసుకుని తలంతా తబతబా చరిచేది. ఆ చప్పుడు పక్కింటికి వినబడేది. అటునుంచి వాళ్ల తబతబ మాకు వినబడేది. ఒళ్లంతా నువ్వుల నూనె పట్టించాక నలుగుపిండి. ముంజేతి మీద పిండి పెట్టి కిందికీ పైకీ రుద్దుతుంటే సన్నటి నల్లటి వత్తులై రాలేది. అదంతా నా మురికేనని వేలితో తీసి నాకే చూపించేది. అందులో సగం పిండే అని అప్పుడు నాకేం తెలుసు? ఆఖర్న ఉత్తరేణి కొమ్మ తలచుట్టూ తిప్పి నీళ్లు పోసేది. నేను కళ్లు మూసుకుని అరుస్తుంటే, టపాకాయల చప్పుడు కన్నా నీ గోలే ఎక్కువగా ఉందిరా అనేది. నిజానికి ఆ అరుపు సగం మంటకి, సగం బయట మా అన్నయ్య నా కాకరపువ్వొత్తులు కాల్చేస్తున్నాడేమోనన్న టెన్షన్‌కి.

మన పెరట్లో పీట మీద జరిగిందే ఇప్పుడు ఏసీ గదిలో టవల్ చుట్టి చేస్తున్నారు, అంతే. 1759లో పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ అనే ఆయన ఇంగ్లండ్ వెళ్లి, బ్రైటన్ అనే సముద్రపు ఊళ్లో ఆవిరి స్నానం, ఒళ్లు పట్టడం చేసే స్నానశాల పెట్టాడు. నాలుగో జార్జి, నాలుగో విలియం అనే ఇద్దరు రాజులు కూడా ఆయన చేత సేవ చేయించుకున్నారు. మన పిన్నులూ పెద్దమ్మలూ ఊరికే చేసే పనికి ఆయన దొరల దగ్గర రుసుం పుచ్చుకున్నాడు, తెలివైనవాడు.

సరే, అమ్మకి చేసే స్పా సంగతి. ముందురోజు రాత్రి పది పన్నెండు కుంకుడుకాయలు కొట్టి గింజలు తీసేసి, పెచ్చులు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టండి. పొద్దున చేత్తో బాగా పిసికి పల్చటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే ఆ పిప్పి జుట్టులో చిక్కుకుని మధ్యాహ్నందాకా ఏరుకోవాలి. కాయలు కొట్టేటప్పుడు రోకలి నాన్న పట్టుకోవాలి, బన్నీ కాదు. నూనెని పొయ్యి మీద పెట్టొద్దు. చిన్న గిన్నెలో పోసి ఆ గిన్నెని వేడినీళ్లలో ఉంచితే చాలు, వెచ్చబడుతుంది.

నలుగుపిండికి పెసలు కాస్త బరకగా పట్టించమనండి, లేకపోతే పెసరపిండీ శనగపిండీ కలపండి. చిటికెడు పసుపు, ఎండిన గులాబి రేకులు, దొరికితే పచారీ కొట్లో అడిగి కాసిని కచ్చూరాలు, వట్టివేళ్లు కొని దంచి కలపండి. కచ్చూరాల వాసన ఒకసారి పీల్చారంటే మీ సీసాల్లో ఉన్న ఏ వాసనా ఇంక నచ్చదు. ఒంటికి నీళ్లలో కలపండి, మొహానికైతే పెరుగులో. మొహం మీద గట్టిగా రుద్దకూడదు, వేళ్లతో అద్ది నెమ్మదిగా తిప్పాలి, పూర్తిగా ఎండకముందే కడగాలి. నిమ్మరసం పిండమని ఎవరు చెప్పినా వినకండి, మొహం భగ్గుమంటుంది. ఏది పూసినా ముందురోజే మోచేతి మడతలో కాస్త రాసి చూడండి. దద్దురు వస్తే ఆ వస్తువు ఎంత సహజమైనదైనా మనకొద్దు. చేపని చంపేదీ సహజమైనదే కదా.

కళ్లమీద పెట్టుకోడానికి కీర దోస చక్రాలు కావాలన్నావు. పెట్టండి. దాంట్లో నూటికి తొంభై అయిదు పాళ్లు నీళ్లే, ఆ చలువే హాయి. తడిగుడ్డ పెట్టినా అంత హాయీ ఉంటుంది, దోసకాయ మిగిలితే పచ్చడవుతుంది. కాళ్లు నానబెట్టుకోడానికి టబ్బులో గోరువెచ్చటి నీళ్లు, గుప్పెడు కల్లుప్పు. అలసట తీర్చేది ముఖ్యంగా వెచ్చదనమే. ఉప్పు వేస్తే అమ్మకి ఏదో గొప్ప వైద్యం జరిగినట్టు ఉంటుంది, వేయండి.

తలంటు పోసుకున్న రోజు మధ్యాహ్నం అంత నిద్ర ఎందుకొస్తుందో కూడా చెప్తాను. వేడినీళ్లు పోసుకుంటే నెత్తురు చర్మం దగ్గరికి, అరచేతులకీ అరికాళ్లకీ ఎక్కువగా వస్తుంది. స్నానమయ్యాక అక్కణ్ణుంచి వేడి బయటికి పోతుంది, లోపలి ఒళ్లు కాస్త చల్లబడుతుంది. రోజూ రాత్రి నిద్రకి ముందు ఒంట్లో జరిగేది కూడా ఇదే. దాంతో ఇంక పడుకునే వేళయిందని ఒళ్లు అనుకుంటుంది. కాబట్టి అమ్మకి ఆ రోజు మధ్యాహ్నం ఏ పనీ చెప్పకండి. అన్నం పెట్టి, కర్టెన్లు వేసి, ఫోను తీసుకెళ్లి అవతల గదిలో పెట్టండి. నా లెక్కలో స్పా అంటే సగం అదే. నీళ్లు మాత్రం చెయ్యి పెడితే హాయిగా ఉండాలి, చురుక్కుమనకూడదు. జుట్టు ఆరబెట్టడానికి మా ఇంట్లో సాంబ్రాణి నిప్పుల మీద వెదురుబుట్ట బోర్లించి, దానిమీద జుట్టు పరిచేవాళ్లు. మీ ఫ్లాట్లో ఆ పొగకి గంటలు మోగి వాచ్‌మన్ పరిగెత్తుకొస్తాడు. బాల్కనీలో ఎండ ఉంది, చాలు.

తల నిమిరే చేతివేళ్ల సంగతి నేను చెప్పను, మీరే చూడండి. హాసినీ, నీ తల నువ్వే ఒక నిమిషం నిమురుకో. తర్వాత అమ్మ ఒళ్లో పడుకుని అమ్మచేత నిమిరించుకో. రెండుసార్లూ అయిదు వేళ్లే, అదే తల. కళ్లు ఎప్పుడు మూతపడ్డాయో నాకు రాయి.

బన్నీకీ ఒక పని. రెండు గాజు గ్లాసుల్లో సగందాకా నీళ్లు పోసి, ఒక్కోదాంట్లో ఒక చెంచాడు నూనె వెయ్యి. ఒక దాంట్లో మాత్రం కాస్త కుంకుడు రసం కలుపు. రెండూ చెంచాతో బాగా కలియతిప్పి కిటికీ దగ్గర పెట్టి, దేంట్లో నూనె ముందు పైకి తేలుతుందో గడియారం చూసి రాసుకో. నురగ బుడగని కూడా ఎండలో పెట్టి దగ్గర్నుంచి చూడు. ఎన్ని రంగులు కనబడతాయో, అవి ఎటు జారుతున్నాయో చూసి బొమ్మ వేసి పంపు. గింజలు పారేయకండి. నల్లగా, గట్టిగా ఉంటాయి, కడిగి ఆరబెడితే వామనగుంటలకి పనికొస్తాయి. సంక్రాంతికి వచ్చేటప్పుడు పట్టుకురండి.

ఇట్లు
మీ తాతయ్య

తా.క.: అమ్మని లోపలికి పంపేముందు స్నానాలగది నేల మీద ఒలికిన నూనెని మిగిలిన కుంకుడు రసంతో రుద్ది కడిగేయండి. జారిపడితే స్పాకి మిగిలిన డబ్బు ఎముకల డాక్టరుకి పోతుంది.