దూరవిద్యలో మార్కులు: పాత ప్రశ్న, అందని లెక్క

దూరంగా ఉండి చదివే విద్యార్థి మార్కుల్లో వెనకబడతాడా? 2020లో కోవిడ్ వచ్చి తరగతులన్నీ ఒక్కసారిగా ఆన్‌లైన్‌లోకి మారాక ఈ ప్రశ్న అందరి నోటా వినిపించింది. కానీ ఇది అంతకు చాలా ముందునుంచే ఉంది.

1840లో ఇంగ్లండ్‌లో చౌక తపాలా మొదలైంది. దాని అండతో ఐజాక్ పిట్‌మన్ పోస్టులో షార్ట్‌హ్యాండ్ నేర్పాడు. విద్యార్థులు రాసి పంపింది దిద్ది తిప్పి పంపేవాడు. దూరవిద్యకు ప్రాణం ఆ దిద్దడంలోనే ఉంది. 1858లో లండన్ విశ్వవిద్యాలయం ఎక్కడ చదువుకున్నవారైనా తన పరీక్షలు రాయొచ్చంది. ఎందరికో అది పెద్ద అవకాశం, కానీ చదువు చెప్పే పూచీ మాత్రం విశ్వవిద్యాలయం తీసుకోలేదు. 1971లో పాఠాలు మొదలుపెట్టిన బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీకి టీవీ ప్రసారాలతో పేరొచ్చింది. నిజానికి దాన్ని నిలబెట్టింది అసైన్‌మెంట్లు దిద్ది, సందేహాలు తీర్చిన ట్యూటర్లేనని నా అభిప్రాయం.

ఆ తర్వాత పరిశోధకుల వాదన మొదలైంది. సరుకు తెచ్చే లారీని బట్టి మన ఒంటికి పట్టే బలం మారదు, చదువును మోసుకొచ్చే పోస్టు, టీవీ లాంటి మాధ్యమమూ అంతేనని 1983లో రిచర్డ్ క్లార్క్ అన్నాడు. 1999లో థామస్ రసెల్ 355 అధ్యయనాలను ఒకచోట చేర్చి, దూరవిద్యకూ తరగతి గది చదువుకూ చెప్పుకోదగ్గ తేడా లేదన్నాడు. ఇక్కడే ఒక చిక్కుంది. చివరి పరీక్ష రాసినవారి మార్కులనే పోలిస్తే, మధ్యలో మానేసినవారు ఆ లెక్కలో కనిపించరు. తరగతి గదిలో కన్నా దూరవిద్యలో అలా మానేసేవారు ఎక్కువ. వాళ్లను పక్కన పెట్టి తీసిన సగటు నాకు న్యాయంగా అనిపించదు.

తర్వాత అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర కమ్యూనిటీ కాలేజీల (ప్రధానంగా రెండేళ్ల కోర్సులు నడిపే స్థానిక కాలేజీల) రికార్డులను ష్యూ, జాగర్స్ అనే పరిశోధకులు పరిశీలించారు. ఆన్‌లైన్ కోర్సుల్లో అన్ని వర్గాలూ కొంత వెనకబడ్డాయి, ముందే మార్కులు తక్కువున్నవారు, వయసులో చిన్నవారు ఇంకా ఎక్కువగా. అయినా ఒక సందేహం మిగిలింది: ఆన్‌లైన్‌ను ఎంచుకునేవారి పరిస్థితులే వేరేమో?

2020లో అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో దానికి కొంత జవాబు దొరికింది. అక్కడ ఎకనామిక్స్ విద్యార్థుల్లో ఎవరు ఆన్‌లైన్, ఎవరు తరగతి గది అన్నది వాళ్లు ఎంచుకోలేదు, లాటరీ పద్ధతిలో తేల్చారు. ఆన్‌లైన్‌వారి మార్కులు తగ్గాయి. ఆ దెబ్బ ప్రధానంగా చదువులో వెనకున్నవారికే తగిలింది. పాఠం మీద మనసు నిలవలేదని, అధ్యాపకులతో, తోటివారితో దగ్గరితనం తగ్గిందని ఆ విద్యార్థులు సర్వేలో చెప్పారు.