ఎల్‌ఎంఎస్ కొనేముందు: ట్రైనింగ్ అవసరాలపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా యూనిట్లకు ట్రైనింగ్ ప్లాన్ చేయడం నా పని. ఎల్‌ఎంఎస్, అంటే ఉద్యోగుల ట్రైనింగ్ నడిపి, రికార్డు ఉంచే సాఫ్ట్‌వేర్ కొనాలనుకునేవాళ్లు డెమోలన్నీ చూసి, ధర కూడా మాట్లాడేసుకున్నాకే నన్ను పిలుస్తుంటారు. అప్పుడు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: తప్పులు జరుగుతున్నాయంటే ట్రైనింగ్ చాలడం లేదన్నట్టే.

వాస్తవం: తెలియక చేస్తున్నారా, తెలిసీ కుదరక చేస్తున్నారా అన్నది ముందు తేల్చుకోవాలి. జీడిమెట్లలో ఒక యూనిట్‌లో బ్యాచ్ రికార్డు (ఒక్కో విడత మందు తయారీ వివరాలు రాసే పత్రం) ఎంట్రీలు ఆలస్యమవుతున్నాయని ఆపరేటర్లకు పదేపదే క్లాసులు పెట్టారు. టెస్టులో అందరూ పాస్. షిఫ్టులో వాళ్ల పక్కనే నిలబడి చూస్తే విషయం తెలిసింది. తూకం వేసేది ఒక గదిలో, రికార్డు ఉండేది ఇంకో గదిలో. బరువు గుర్తుపెట్టుకుని, చేతిలో పని అయ్యాక వెళ్లి రాస్తున్నారు. ఎప్పటిదప్పుడే రాయాలన్న రూల్ నిద్రలో లేపి అడిగినా చెబుతారు. వాళ్లకు కావాల్సింది తూకం మిషన్ పక్కన ఒక బల్ల.

అపోహ: హెచ్‌ఆర్ ఫారం పంపి, వచ్చిన జవాబులు లెక్కేస్తే అవసరాలు తెలిసిపోతాయి.

వాస్తవం: ఆ ఫారంలో వచ్చేవి కోరికలు. ఎక్సెల్, కమ్యూనికేషన్ స్కిల్స్ ఎలాగూ ఉంటాయి. సంస్థ, పని, మనిషి అని మూడు కోణాల్లో చూడాలని ట్రైనింగ్ పరిశోధకులు మెక్‌గీ, థేయర్ 1961లోనే చెప్పారు. మనవాళ్లు ఎక్కువగా మూడోదే చూస్తారు, అదీ మేనేజర్ చెప్పినదాన్ని బట్టి. డీవియేషన్ రిపోర్టులు (పద్ధతి తప్పినప్పుడు రాసేవి), ఆడిట్ అబ్జర్వేషన్లు తిరగేస్తే ఫారంలో ఎవరూ రాయనివి బయటపడతాయి.

అపోహ: మొబైల్ యాప్ ఉంటే ఎవరికి వాళ్లే నేర్చుకుంటారు.

వాస్తవం: ప్రొడక్షన్‌లోకి ఫోనే తీసుకెళ్లనివ్వరు కదా! ఇక ఒడిశా నుంచి వచ్చిన కుర్రాడికి ఇంగ్లిష్ మాడ్యూల్ ఇస్తే 'నెక్స్ట్' నొక్కుకుంటూ పోతాడు. సిస్టమ్ మాత్రం పూర్తయిందనే చూపిస్తుంది.

అపోహ: ట్రైనింగ్ అవసరాలు తేల్చడానికి నెలలు పడుతుంది.

వాస్తవం: ఒక్క డిపార్ట్‌మెంట్‌తో మొదలుపెడితే పట్టదు.

అపోహ: పాత కోర్సులు స్కార్మ్‌లో (ఏ ఎల్‌ఎంఎస్‌లోనైనా నడిచేలా కోర్సులు తయారుచేసే ఫార్మాట్) ఉన్నాయి కాబట్టి కొత్త సిస్టమ్‌లోకి అన్నీ వచ్చేస్తాయి.

వాస్తవం: కోర్సులు వస్తాయి. ఎవరు ఏది ఎప్పుడు పూర్తిచేశారన్న రికార్డులు వాటి వెంట రావు, విడిగా మార్చుకోవాలి. అమెరికాకు మందులు పంపే యూనిట్‌కు ఇది చిన్న విషయం కాదు. ఎలక్ట్రానిక్ రికార్డులకు 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11 అనే అమెరికా నియమం ప్రకారం ఆడిట్ ట్రెయిల్ (ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారన్న చిట్టా) ఉండాలి. ఫలానా బ్యాచ్ చేసిన రోజుకు ఆ ఆపరేటర్ ఎస్‌ఓపీ (పని చేయాల్సిన పద్ధతి రాసిన పత్రం) కొత్త వెర్షన్ మీద ట్రైన్ అయ్యాడా అని ఇన్‌స్పెక్టర్ అడగొచ్చు. డెమోలో వెండర్‌కు ఇదే ప్రశ్న వేసి, జవాబు స్క్రీన్ మీద చూపించమనండి.