చిగుళ్లలో రక్తం వస్తే తోమడం ఆపకండి

విజయవాడ

చిరంజీవులకు ఆశీస్సులు.

పొద్దున్నే పళ్లు తోమకముందు, పన్నూ చిగురూ కలిసే అంచున గోటితో ఒక్కసారి గీకి చూడండి. గోటికి తెల్లగా, మెత్తగా అంటుకుంటుందే, అదే పాచి. రాత్రి తిన్న అన్నం కాదది, బతికున్న సూక్ష్మజీవుల పొర. రోజూ తీయకపోతే ఉమ్మిలోని కాల్షియం చేరి గారకడుతుంది. గార ఇక బ్రష్‌కు లొంగదు, పళ్ల డాక్టరు క్లీనింగ్ చేయాల్సిందే.

పాచి నిలిస్తే చిగురు వాస్తుంది, తోమితే రక్తం వస్తుంది. భయపడి చాలామంది అక్కడ తోమడం మానేస్తారు. దాంతో పాచి ఇంకా పేరుకుని వాపు ముదురుతుంది. మెత్తటి బ్రష్‌ను సగం పంటి మీద, సగం చిగురు మీద ఆనేలా ఏటవాలుగా పెట్టి, అక్కడే నెమ్మదిగా తోమండి. రెండు వారాలకీ తగ్గకపోతే చూపించుకోండి. మన ఊళ్లోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది.

రక్తం బయటికొచ్చే దారిలోనే సూక్ష్మజీవులు లోపలికీ పోతాయి. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల ఒంట్లో అవి ఎంతోసేపు బతకవు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవారికి మాత్రం అక్కడ చేరి ప్రాణం మీదికి తెస్తాయి. అలాంటివారు పన్ను తీయించుకునే ముందే గుండె సంగతి డాక్టరుకు చెప్పాలి. తాతయ్యకో అమ్మమ్మకో షుగరుందా? షుగరు పెరిగితే చిగుళ్లు చెడతాయి, చిగుళ్లు చెడితే షుగరు అదుపులోకి రావడం కష్టమవుతుంది. వాళ్ల చిగుళ్ల సంగతి మీరే అడగండి.

పన్ను పుచ్చడం వేరే కథ. తీపి తగిలిన ప్రతిసారీ పాచిలోని క్రిములు ఆమ్లం చేస్తాయి, ఉమ్మి దాన్ని విరిచేసరికి అరగంటైనా పడుతుంది. చెరకురసం ఒక్క గుక్కలో తాగేస్తే ఆ అరగంటే. కూల్‌డ్రింకు సీసా గంటసేపు చప్పరిస్తే ఆ గంటంతా పన్ను కరుగుతూనే ఉంటుంది.

ఫ్లోరైడు పేస్టు బఠాణీ గింజంత చాలు. రెండు పూటలా రెండేసి నిమిషాలు తోమి, ఉమ్మేసి ఊరుకోండి. చెంబెడు నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడంతా పోతుంది. నిద్రలో ఉమ్మి తక్కువగా ఊరుతుంది కాబట్టి రాత్రి తోమాక మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు.

ఇంకొక్క మాట. ఆరేళ్ల తమ్ముడో చెల్లో ఉంటే టార్చి వేసి పాలపళ్ల వెనక చూడండి. ఏ పన్నూ ఊడకుండానే కొత్త దవడపన్ను వచ్చి ఉంటుంది. పాలపన్నేలే, ఊడిపోతుందిలే అనుకుంటారు, కానీ అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. దాని గుంటల్లో నల్లటి గీత కనిపిస్తే ఈ వారమే తీసుకెళ్లమని అమ్మకు చెప్పండి.

ఇట్లు,
మీ తాతయ్య